కామిక్ సినిమాగా వస్తోందంటే సంబరం కంటే గుబులే ఎక్కువెందుకు?

నిధివేట (విజయవాడ)

అందరికీ నమస్కారం. ఎన్నాళ్లుగానో మనసులో నలుగుతున్న మాట ఇది. ప్రాణంగా చదువుకున్న కామిక్‌ని సినిమా తీస్తున్నారని తెలియగానే నాకు టెన్షన్ మొదలవుతుంది. నవలైతే ఇంత కంగారుండదు. నవల్లో మనిషి మొహం మన ఊహకే వదిలేస్తారు కాబట్టి, దర్శకుడు చూపించిన మొహాన్ని కూడా ఇంకో ఊహ అనుకుని సర్దుకుంటాం. కామిక్‌లో ఆ వెసులుబాటు లేదు. జుట్టు ఎటు లేచి ఉంటుందో, కోటు ఏ రంగో, కుక్క భయపడితే ఎలా ముడుచుకుంటుందో గీసినాయన ముందే తేల్చేశాడు.

నా బాధంతా బెల్జియం కామిక్ హీరో, కుర్ర విలేకరి టిన్‌టిన్ గురించి. 2011లో స్పీల్‌బర్గ్ తీసిన సినిమాకి మూడు పుస్తకాలు కలిపేశారు: 'ద క్రాబ్ విత్ ద గోల్డెన్ క్లాస్', 'ద సీక్రెట్ ఆఫ్ ద యూనికార్న్', 'రెడ్ రాకమ్స్ ట్రెజర్'. కలిపితే కలిపారు. సఖరీన్‌ని విలన్ చేయడం ఏమిటి? పుస్తకంలో అతను ఓడ బొమ్మలు సేకరించుకునే పెద్దమనిషి. అసలు దొంగలు బర్డ్ అన్నదమ్ములు. సినిమాలో సఖరీన్‌ని సముద్రపు దొంగ రెడ్ రాకమ్ వంశంవాడిని చేసి, టిన్‌టిన్ స్నేహితుడు కెప్టెన్ హాడాక్‌తో తరతరాల పగ పెట్టారు. అందరికన్నా ఎక్కువ నొప్పి కలిగించింది కాల్క్యులస్ లేకపోవడం. ఆ చెవిటి ప్రొఫెసర్ సొరచేప ఆకారంలో జలాంతర్గామి తయారుచేసుకుని మొదటిసారి అడుగుపెట్టేది 'రెడ్ రాకమ్స్ ట్రెజర్'లోనే. ఆయన్ని వదిలేసి ఆ పుస్తకం తీశామని ఎలా అంటారు?

మీకూ ఇలాగే అనిపిస్తుందా? ఏ కామిక్ విషయంలో?


ఆబిడ్స్ ఆదివారం (హైదరాబాద్)

నిధివేట గారూ, కాల్క్యులస్ సంగతిలో మీతో ఏకీభవిస్తాను. మిగతా వాటితో మాత్రం పేచీ ఉంది.

టిన్‌టిన్‌ని గీసిన హెర్జే తన పుస్తకాలను తానే ఎన్నిసార్లు మార్చాడో చూడండి. 1930ల్లో నలుపు తెలుపులో గీసిన కథల్ని తర్వాత కుదించి, రంగులు వేసి, మళ్లీ గీశాడు. 'ద బ్లాక్ ఐలాండ్' అయితే ఇంగ్లీషు ప్రచురణకర్తలు బ్రిటన్ వివరాల్లో 131 తప్పులు చూపిస్తే, 1960ల్లో మొత్తం కొత్తగా గీయించాడు. మనం 'అసలైనది' అనుకుని దాచుకున్నదే మూడో రూపం. గీసినవాడే అన్ని మార్పులు చేసుకున్నప్పుడు, సినిమా తీసేవాడు కథ ముక్కలు అటూ ఇటూ జరిపినందుకు నాకు కోపం రాదు.

ఇంకోటి. పుస్తకంలో హాడాక్ తన పూర్వీకుడి కథ ఇంట్లోనే చెబుతాడు. కత్తి పట్టుకుని, టోపీ పెట్టుకుని, గదంతా గెంతుతూ చివరికి గోడ మీది తైలచిత్రంలోకి తల దూర్చేస్తాడు. పూర్వీకుడి మొహం ఉన్న చోట ఇతని మొహం వస్తుంది. సినిమాలో ఇదే కథ ఎడారిలో నడుస్తుంది. ఇసుక తిన్నెలు చూస్తుండగానే అలలైపోతాయి, వాటి మీదుగా ఓడ దూసుకొస్తుంది. కాగితం మీద తల దూర్చడం గొప్ప. తెర మీద ఇసుక సముద్రమవడం గొప్ప. ఒకదాన్ని ఇంకోదానిలో పెట్టి ఉంటే రెండూ పాడయ్యేవి.


డెంకాలి (రాజమండ్రి)

మా తరం కామిక్ అంటే ఇంద్రజాల్. రైల్వే స్టేషన్ స్టాల్లో కొనుక్కుని, బండి కదిలేలోపు సగం చదివేసేవాళ్లం. నా పేరు చూస్తేనే తెలిసిపోతుంది, నేను ఫాంటమ్ మనిషిని; డెంకాలి అంటే ఇంద్రజాల్ పుస్తకాల్లో ఆ ముసుగు వీరుడి చోటు.

1996లో ఫాంటమ్ సినిమా వచ్చింది. బిల్లీ జేన్ వేశాడు. మనిషి చక్కగా ఉన్నాడు, ఆ వేషం కోసం ఒళ్లు బాగా పెంచాడు. ఊదారంగు దుస్తులు, పుర్రె ఉంగరం, గుర్రం, తోడేలు, పుర్రె గుహ, అన్నీ ఉన్నాయి. అయినా చూస్తున్నంతసేపూ ఏదో తేడాగా ఉంది. మధ్యలో తెలిసింది ఏమిటో. కళ్లు! లీ ఫాక్ 1936లో మొదలుపెట్టిన నాటి నుంచీ ముసుగు వెనకాల ఫాంటమ్ కంటిపాపలు కనిపించవు. రెండు తెల్లటి ఖాళీలంతే. తండ్రి తర్వాత కొడుకు అదే ముసుగు వేసుకుంటూ వస్తున్నా, నాలుగొందల ఏళ్లుగా చావులేనివాడు అని అడవి జనం ఎందుకు నమ్ముతారంటే అందుకే నమ్ముతారు. సినిమాలో ముసుగు లోంచి నటుడి కళ్లు కనిపిస్తాయి. ఆయన నవ్వితే కళ్లూ నవ్వుతాయి. ఆ క్షణంలో అతను ఇరవై ఒకటో తరం కుర్రాడైపోయాడు, నడిచే దెయ్యం కాస్తా మాయమైంది.

తప్పు ఎవరిదీ కాదు. మనిషిని పెట్టి తీస్తే కళ్లు ఉంటాయి కదా. అందుకే నా అనుమానం, కొన్ని తీయకూడదేమో అని.


నలుపుతెలుపు (హైదరాబాద్)

డెంకాలి మాస్టారూ, మీరు చెప్పిన కళ్ల విషయం యానిమేషన్‌లో పనిచేసే మాకు రోజూ ఎదురయ్యేదే. టిన్‌టిన్ కళ్లు రెండు చుక్కలు. నోరు చిన్న గీత. అంత తక్కువ గీశాడు కాబట్టే మిగతాది చదివేవాళ్లు నింపుకుంటారు. భయం, ఆశ్చర్యం, జాలి ఏది కావాలంటే అది ఆ చుక్కల్లో కనిపిస్తుంది. సినిమాలో వాడిన మోషన్ క్యాప్చర్‌లో, అంటే నటుల కదలికల్ని కంప్యూటర్ బొమ్మకి ఎక్కించే పద్ధతిలో, ఆ మొహానికి చర్మం వచ్చింది, చర్మం మీద రంధ్రాలు వచ్చాయి, కనుపాప మీద తడి మెరుపు వచ్చింది. ఇక మనం నింపడానికి ఏమీ మిగల్లేదు. హాడాక్‌కి ఈ ఇబ్బంది తక్కువ. హెర్జేనే అతని మొహాన్ని ముడతలతో, గడ్డంతో నిండుగా గీశాడు, పైగా ఆండీ సెర్కిస్ నటన ఆ కొలతకి సరిపోయింది. సినిమాలో టిన్‌టిన్ కంటే హాడాక్ ఎక్కువ గుర్తుండిపోవడానికి ఇదో కారణమని నా నమ్మకం.

కానీ 'తీయకూడదు' అనే మాట ఒప్పుకోలేను మాస్టారూ. మర్జానే సత్రాపి 'పర్సెపొలిస్' చూడండి. ఇరాన్‌లో గడిచిన తన బాల్యాన్ని ఆవిడే కామిక్‌గా గీసింది, నాలుగు భాగాలు. 2007లో వాన్సాన్ పరొనోతో కలిసి తనే సినిమా తీసింది. మనుషుల్ని పెట్టి తీయకుండా చేత్తో గీసిన బొమ్మలతోనే తీసింది. పారిస్ విమానాశ్రయంలో కూర్చున్న ఇప్పటి మర్జానే రంగుల్లో ఉంటుంది, గతమంతా నలుపు తెలుపు. పుస్తకంలో ఈ తేడా లేదు, అక్కడ అంతా నలుపు తెలుపే. సినిమాకి కావాల్సింది సినిమా కోసం ఆలోచించుకుని చేర్చుకుంది. కాన్స్‌లో జ్యూరీ ప్రైజ్ వచ్చింది. తన కథ, తన గీత, తన నిర్ణయం. నేను ఈ పనిలోకి రావడానికి ఆ సినిమా పెద్ద కారణం, అందుకే ఇంత పట్టుదలగా చెబుతున్నాను.


లూఫీ_వైజాగ్

అక్కా సూపర్ పాయింట్. మా మాంగా (జపాన్ కామిక్) వాళ్ల బాధ కూడా ఇక్కడ పెట్టాలి.

2009లో 'డ్రాగన్‌బాల్ ఎవల్యూషన్' వచ్చింది. ఆ మాంగా హీరో గోకూని అమెరికా హైస్కూల్ కుర్రాడిని చేశారు. గోకూ అంటే అడవిలో తాత దగ్గర పెరిగినవాడు, లోకం పోకడ తెలియనివాడు. కథలో నవ్వంతా ఆ అమాయకత్వం లోంచే వస్తుంది. దాన్ని తీసేసి స్కూల్లో ఏడిపించే బ్యాచ్‌ని, ఒక లవ్ ట్రాక్‌ని పెట్టారు. ఆ మాంగా గీసిన టొరియామా గారు స్క్రిప్ట్ చూసి సలహాలిస్తే పట్టించుకోలేదని ఆయనే తర్వాత చెప్పారు. చివరికి స్క్రీన్‌ప్లే రాసినాయన 2016లో అభిమానులకి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. అందుకే నెట్‌ఫ్లిక్స్ 'వన్ పీస్' అనే సముద్రపు దొంగల మాంగాని సిరీస్‌గా తీస్తోందన్నప్పుడు మా గ్రూపులో ఒక్కడికీ నమ్మకం లేదు. రబ్బరులా సాగే చేయి మనిషి ఒంటి మీద ఎలా ఉంటుందో తల్చుకుంటేనే భయం.

2023 ఆగస్టు 31న వచ్చింది. ఎనిమిది ఎపిసోడ్లు. బాగుంది! ఒక్కటే కారణం నాకు కనిపించేది: ఆ మాంగా సృష్టికర్త ఓడా గారు ఆ పని లోపల ఉన్నారు. తనకు తృప్తి కలిగేదాకా విడుదల చేయరని ముందే అభిమానులకు చెప్పారు. నటుడు ఇన్యాకి గొడోయ్‌ని చూస్తే హీరో లూఫీ పేజీలోంచి లేచొచ్చినట్టే ఉన్నాడు. ఓడల్ని గ్రాఫిక్స్‌కి వదిలేయకుండా దక్షిణాఫ్రికాలో పెద్ద పెద్ద సెట్లు కట్టారు. రచయిత ఉంటే భయం లేదు. ఇదే నా లెక్క.


తొమ్మిదిగళ్లు (బెంగళూరు)

లూఫీ తమ్ముడూ, రచయిత ఉంటే మంచిదే. ఉండనంటే? 'వాచ్‌మెన్' అనే సూపర్‌హీరోల కామిక్ రాసిన అలన్ మూర్, దాని సినిమా మీద తన పేరే వద్దన్నాడు, డబ్బూ వద్దన్నాడు. తన వాటా బొమ్మలు గీసిన డేవ్ గిబ్బన్స్‌కి ఇమ్మన్నాడు. తెర మీద గిబ్బన్స్ పేరే ఉంటుంది. ఆ కోపం సినిమాతో మొదలైంది కాదు. పుస్తకం ప్రచురణ ఆగిపోతే హక్కులు తమకి తిరిగి వస్తాయని ఒప్పందంలో ఉంది. 1987 నుంచి ఆ పుస్తకం ఏనాడూ ప్రింట్ ఆగలేదు, హక్కులూ తిరిగి రాలేదు. అభిమానిగా ఆ పుస్తకం ఎప్పుడూ షాపులో దొరకడం నాకు సంతోషం. అదే దాని కర్త చేయి విరిచింది. ఈ సంగతి తెలిశాక సినిమాని ప్రశాంతంగా చూడలేకపోయాను.

ఇక సినిమా సంగతి. 2009లో జాక్ స్నైడర్ తీశాడు. అంతకు ముందు టెర్రీ గిలియమ్ ప్రయత్నించి, ఇది సినిమాకి లొంగదని వదిలేశాడు. స్నైడర్ మనసు పెట్టి తీశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. చాలా చోట్ల ప్యానెల్‌ని, అంటే కామిక్ గడిని, పక్కన పెట్టుకుని ఫ్రేమ్ కట్టాడు. థియేటర్లో 162 నిమిషాలు, తర్వాత 186, ఆ తర్వాత పుస్తకం లోపల ఇంకో కామిక్‌గా నడిచే ఓడ కథ కూడా కలిపి 215 నిమిషాలు. మూడూ చూశాను. పొడుగు పెరిగిన కొద్దీ పుస్తకం దగ్గరవలేదు.

ఎందుకో ఒక్క అధ్యాయం తీసుకుని చెబుతాను. నాలుగో అధ్యాయం. డాక్టర్ మన్‌హాటన్ అంగారకుడి మీద ఒంటరిగా ఉన్నాడు. చేతిలో ఒక పాత ఫొటో, 1959లో తీసింది. ఆ మనిషికి గతం, భవిష్యత్తు అంతా ఒకేసారి కనిపిస్తాయి. ఫొటో చేతిలో ఉంది, ఫొటో ఇసుకలో పడి ఉంది, ఫొటో ఇంకా దిగలేదు, అన్నీ అతనికి ఇప్పుడే. ఇప్పుడు మీరు ఆ పేజీని చూడండి. పేజీకి తొమ్మిది గళ్లు. చేతిలో ఫొటో ఒక గడిలో, ఇసుకలో ఫొటో ఇంకో గడిలో, 1959 ఇంకో గడిలో. పేజీ తెరిచిన క్షణంలో అన్నీ మీ కంటికి ఒకేసారి పడుతున్నాయి. మన్‌హాటన్ లోకాన్ని ఎలా చూస్తాడో, మీరు ఆ పేజీని అలాగే చూస్తున్నారు! కామిక్ తప్ప వేరే ఏ కళా ఈ పని చేయలేదు. సినిమాలో అదే ఘట్టం ఫిలిప్ గ్లాస్ సంగీతంతో చాలా అందంగా ఉంటుంది, కానీ ఒక షాట్ వెళ్లాకే ఇంకో షాట్ వస్తుంది. మన్‌హాటన్ పడే బాధ మనకి చెబుతారు. పుస్తకం మన చేత ఆ బాధ పడేలా చేస్తుంది.

ఐదో అధ్యాయమైతే మొదటి పేజీ చివరి పేజీకి, రెండోది దాని ముందుదానికి అద్దంలో ప్రతిబింబంలా కట్టాడు. దాన్ని తెర మీదికి ఎలా తెస్తారు?


ఆబిడ్స్ ఆదివారం

తొమ్మిదిగళ్లు భయ్యా, నాలుగో అధ్యాయం గురించి ఇంత బాగా ఎవరూ చెప్పగా వినలేదు. ఇంటికెళ్లాక మళ్లీ తీసి చూస్తాను.

అయితే ఆ సినిమాలో నాకు బాగా నచ్చింది ఏమిటో చెప్పనా? మొదట్లో బాబ్ డిలన్ పాట మీద వచ్చే టైటిల్స్. 1940ల నుంచి ఆ ముసుగు మనుషుల చరిత్రంతా, దాదాపు కదలని ఫొటోల్లా సాగే షాట్లలో. ఆ వరస పుస్తకంలో అలా లేదు. స్నైడర్ సొంతంగా కట్టుకున్నది. కాపీ కొట్టిన చోట బిగుసుకుపోయాడు, వదిలేసిన చోట ఊపిరి తీసుకున్నాడు.

ఫ్రెంచి కామిక్ ఆస్టెరిక్స్ కథ కూడా ఇలాంటిదే. 1967లో మొదటి కార్టూన్ సినిమాని, కథ రాసిన గొసినీకి, బొమ్మలు గీసిన ఉడెర్జోకి చెప్పకుండానే వాళ్ల ప్రచురణకర్త తీయించాడు. ఇద్దరూ ఒళ్లు మండి, రెండోదాన్ని తామే దగ్గరుండి తీశారు. 1976లో 'ద ట్వెల్వ్ టాస్క్స్ ఆఫ్ ఆస్టెరిక్స్'కి ఏ పుస్తకం నుంచీ కథ తీసుకోలేదు, సినిమా కోసమే కొత్తగా రాసుకున్నారు. ఎంతమంది అభిమానుల్ని అడిగినా ముందు ఆ సినిమా పేరే చెబుతారు. అందులో ఒక ప్రభుత్వ కార్యాలయం ఉంటుంది. ఎ-38 అనే పర్మిట్ తేవాలి. ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి, పై అంతస్తు నుంచి కింది అంతస్తుకి తిప్పుతూనే ఉంటారు. కుల ధ్రువీకరణ పత్రం కోసం తిరిగిన మనవాళ్లెవరికైనా ఆ సీన్ చూపించండి, ఫ్రెంచి సినిమా అంటే నమ్మరు.

మనుషులతో తీసినవాటిలో 2002లో అలాన్ షబా తీసిన క్లియోపాత్ర సినిమా ఒక్కటే నిలబడింది. ఫ్రాన్స్‌లో కోటీ నలభై లక్షల టికెట్లకు పైగా తెగాయి. 2008లో అంతకన్నా ఎక్కువ డబ్బు పోసి ఒలింపిక్స్ కథ తీస్తే అభిమానులు తిట్టిపోశారు. షబాకి తనదైన హాస్యం ఉంది, దాన్ని దాచుకోలేదు.


డెంకాలి

నలుపుతెలుపు అమ్మాయ్, పర్సెపొలిస్ మా అబ్బాయి చేత పెట్టించుకుని చూశాను. అమ్మమ్మ బ్రాలో మల్లెపూలు పెట్టుకునే ఘట్టం దగ్గర ఆగిపోయాను. నల్లటి తెర మీద తెల్లటి పూలు రాలుతూ ఉన్నాయి. నువ్వన్నది నిజం, అది మనుషుల్ని పెట్టి తీస్తే ఇంత ఉండదు.

ఇంకొక్క విషయం. కామిక్ చదువుతున్నప్పుడు ఎంతసేపు ఆగాలో నేనే నిర్ణయించుకుంటాను. పుర్రె గుహ బొమ్మ వస్తే నేను పేజీ తిప్పేవాణ్ణి కాదు. సినిమాలో ఆ గుహ నాలుగు సెకన్లు ఉంటే నాలుగు సెకన్లే చూడాలి. కథ మార్చినా, విలన్‌ని మార్చినా సర్దుకుంటాను గానీ, ఆ ఆగే హక్కు పోవడమే నాకు మింగుడుపడదు.


నిధివేట

మాస్టారూ, నా గుబులుకి అసలు కారణం మీరు పట్టుకున్నారు. సఖరీన్ అనీ, కాల్క్యులస్ అనీ నేను కథ వైపు నుంచి వెతుకుతున్నాను. నిజానికి 'రెడ్ రాకమ్స్ ట్రెజర్'లో డైవింగ్ సూట్ వేసుకుని టిన్‌టిన్ సముద్రం అడుగున నడిచే పేజీల దగ్గర నేను చాలాసేపు ఉండిపోతాను. మాటలు తక్కువ, నీలం ఎక్కువ. సినిమా ఆ భాగాన్ని అసలు ముట్టుకోలేదు. తీసి ఉంటే రెండు నిమిషాల్లో సొరచేపతో ఫైట్ పెట్టేసేవాళ్లేమో.


లూఫీ_వైజాగ్

ఒక్క మాట చెబుతా, కోపం తెచ్చుకోకండి. మనం భయపడిన ప్రతిసారీ మన భయం నిజం కాలేదు కదా. 1988లో మైకేల్ కీటన్‌ని బ్యాట్‌మన్‌గా తీసుకున్నారని తెలిసి, కామెడీ వేషాలు వేసేవాడు వద్దంటూ అభిమానులు స్టూడియోకి వేల ఉత్తరాలు రాశారు. 1989లో సినిమా వచ్చాక అదే కీటన్‌ని నెత్తిన పెట్టుకున్నారు. హీత్ లెడ్జర్‌ని జోకర్ అన్నప్పుడు కూడా ఇదే గోల. తర్వాత ఆస్కార్ వచ్చింది. విడుదలకు ముందే తిట్టేస్తే కొత్తగా ఆలోచించేవాళ్లు భయపడి, మళ్లీ ప్యానెల్ చూసి ఫ్రేమ్ కట్టుకోవడమే చేస్తారు.


తొమ్మిదిగళ్లు

తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. 2018లో డేమన్ లిండెలాఫ్ వాచ్‌మెన్ సిరీస్ తీస్తున్నప్పుడు ముందుగా అభిమానులకు పెద్ద ఉత్తరం రాశాడు. పుస్తకాన్ని మళ్లీ తీయబోనని, అది పవిత్రమైనదని చెప్పాడు. 2019లో వచ్చిన ఆ తొమ్మిది ఎపిసోడ్లు పుస్తకం ముగిసిన చాలా ఏళ్ల తర్వాత మొదలవుతాయి. 1921లో టల్సాలో నల్లవాళ్ల మీద జరిగిన మారణకాండతో మొదటి సీన్. పుస్తకం చివర్లో న్యూయార్క్ మీద వచ్చిపడే పెద్ద స్క్విడ్ (ఆక్టోపస్‌లాంటి సముద్ర జీవి), స్నైడర్ ముగింపు మార్చి తీసేసినది, ఇందులో ఉంది, అంటే పుస్తకంలో జరిగినదంతా జరిగినట్టే లెక్క. పుస్తకాన్ని ముట్టుకోకుండా దానికి మర్యాద చేశాడు. నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి అది.


డల్లాస్ చందమామ

ఆలస్యంగా వచ్చాను, అంతా చదివాను. మన వైపుకి తీసుకొస్తాను. అచ్చంగా కామిక్ కాకపోయినా, మాకు బొమ్మతో కలిపి కథ గుర్తుండిపోయింది చందమామ సీరియల్స్‌తోనే. దాసరి సుబ్రహ్మణ్యం గారి రాత, చిత్ర గారి బొమ్మ. తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం. ఎవరో ఒకరు వీటిని పెద్ద బడ్జెట్‌తో తీస్తారేమో అని ఒకపక్క ఆశ, ఒకపక్క భయం. చిత్ర గారి రాక్షసుడిలో భయంతో పాటు ఒక రకమైన బింకం ఉంటుంది, తలపాగాలు, చెప్పులు, కోట గుమ్మాలు అన్నీ ఒక లోకానికి చెందినట్టుంటాయి. ఇవాళ తీస్తే ఆ రాక్షసుడు ఎక్కడో చూసిన విదేశీ గ్రాఫిక్స్ రాక్షసుడిలా ఉంటాడని నా బెంగ.

తొమ్మిదిగళ్లు గారు మూర్ పేరు గురించి రాశారు కదా. దాసరి గారి సీరియల్స్ మీద ఆయన పేరే పడేది కాదు. అన్నేళ్లు ఆ కథలు చదివిన పిల్లలకు రాసిందెవరో తెలియదు. రేపు సినిమా తీస్తే ముందు ఆ పేరు వేయాలి, చిత్ర గారి పేరు పక్కనే వేయాలి. నేను పెట్టే మొదటి షరతు అదే.


నలుపుతెలుపు

చందమామ గారూ, ఆ పేర్ల విషయంలో మీ వెనకే నిలబడతాను.

తీయడం గురించి: బాపు గారు షూటింగ్‌కి ముందే షాట్లన్నీ బొమ్మలుగా వేసుకునేవారని మనందరికీ తెలుసు. ఆయన ఫ్రేముల్లో ఆ గీత తెలిసిపోతుంది. అంటే గీసే కన్ను ఉన్నవాళ్లు మనుషులతో కూడా తీయగలరు. కానీ చిత్ర గారి బొమ్మకి మాత్రం చేత్తో గీసిన యానిమేషనే సరి అని నా అభిప్రాయం. ఖర్చు ఎందుకవుతుందో చెబుతాను. సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు ఉంచినా సెకనుకి 12 బొమ్మలు, నిమిషానికి 720. అది ఒక్క పాత్రకి. వెనక కోట వేరు, రాక్షసుడు వేరు. ఇక్కడ అంత పని చేయగల చేతులు ఉన్నాయి, నేను వాళ్ల మధ్యే పనిచేస్తున్నాను. వాళ్లలో చాలామంది వేరే దేశాల సిరీస్‌లకి గీస్తున్నారు. డబ్బు పెట్టేవాళ్లు రెండున్నర గంటల సినిమా అడగకుండా, నెలనెలా ఒక భాగంలాగే, పది పన్నెండు నిమిషాల చొప్పున తీయనిస్తే అవుతుంది. సీరియల్ ఆగిన చోట ఆగాలి. మాస్టారికి కావాల్సిన ఆగడం కొంచెమైనా అక్కడ దక్కుతుంది.


డెంకాలి

అలా తీస్తే నేను చూస్తానమ్మా. ఫాంటమ్‌ని మాత్రం వదిలేయండి.


లూఫీ_వైజాగ్

చందమామ గారూ, నేను వీటిలో ఒక్కటీ చదవలేదు. ఏది ముందు చదవాలి?


డల్లాస్ చందమామ

తోకచుక్కతో మొదలుపెట్టు బాబూ, 1954లో వచ్చింది. ఆ తర్వాత మకరదేవత. పాతాళదుర్గం మాత్రం రాత్రి పూట మొదలుపెట్టకు, పొద్దున ఆఫీసుంటే ఇబ్బంది పడతావు.